వచ్చినవాళ్లు నిలబడాలంటే

ప్రోగ్రామింగ్ నేర్చుకోవాలనుకునేవాళ్లకు మనం ఇచ్చే సలహాలన్నీ దాదాపు ఒంటరిగా చేసే పనులే. ఫలానా కోర్సు చెయ్యమంటాం, ఫలానా వీడియోలు చూడమంటాం, రోజుకో ప్రాబ్లమ్ సాల్వ్ చెయ్యమంటాం. ఈ అధ్యాయంలో చెప్పబోయేది నలుగురితో కలిసి చేసే పని: మీరు వాడుతున్న ప్రోగ్రామింగ్ భాష చుట్టూ మీ ఊళ్లో కొంతమందిని కూడగట్టడం, ఆ కూటమి ఏళ్ల తరబడి నిలిచేలా చూసుకోవడం. దీన్ని సేవ అనుకుని భయపడక్కర్లేదు. ఈ వృత్తిలో ఎదగడానికి ఇంతకంటే గట్టి దారి ఇంకొకటి ఉందని నేను అనుకోను. అయితే మన దగ్గర ఇలాంటి ప్రయత్నాలు ఎంత ఆర్భాటంగా మొదలవుతాయో అంత త్వరగా ఆగిపోతుంటాయి. మొదటి మీటప్‌కి హాలు నిండుతుంది. మూడోదానికి నిర్వాహకులే మిగులుతారు. ఆరో నెల వచ్చేసరికి వాట్సాప్ గ్రూపులో ఉద్యోగ ప్రకటనలు, పండగ శుభాకాంక్షలు తప్ప ఇంకేమీ ఉండవు. జనానికి ఆసక్తి లేదని చాలామంది సరిపెట్టుకుంటారు. ఆ మాట నేను ఒప్పుకోను. అసలు మనం పట్టుకున్న కొలతే తప్పు. ఎంతమంది వచ్చారని తలలు లెక్కపెడుతున్నాం. చూడాల్సింది, సందేహం అడగడానికి వచ్చిన మనిషి ఎన్నాళ్లకు ఒక పని తన భుజాన వేసుకున్నారన్నది. ఆ వ్యవధి తక్కువగా ఉన్నచోట భాషలు వేళ్లూనుకున్నాయి. ఎక్కువగా ఉన్నచోట, ఆ భాష పుట్టిన ఊళ్లోనే దానికి జనం పెద్దగా పోగుపడలేదు.

దీనికి నాకు తెలిసిన మంచి రుజువు జపాన్‌లో రూబీ భాష పెరిగిన తీరు. యుకిహిరో మత్సుమోతో 1993లో రూబీ రాయడం మొదలుపెట్టాడు. 1995 డిసెంబర్ 21న 0.95 వెర్షన్‌ని జపాన్ న్యూస్‌గ్రూపుల్లో పెట్టి అందరికీ అందుబాటులోకి తెచ్చాడు. దాంతోపాటే జపనీస్‌లో ఒక మెయిలింగ్ లిస్టు మొదలైంది. ఇంగ్లీషు లిస్టు వచ్చింది ఆ తర్వాత కొన్నేళ్లకు. అంటే మొదటి కొన్నేళ్లూ ఆ భాష గురించిన సందేహాలు, వాదనలు, నిర్ణయాలు ప్రధానంగా జపనీస్‌లోనే నడిచాయి. రూబీ కోడ్‌లో ఉండే ఇఫ్, వైల్, ఎండ్ లాంటి మాటలు మాత్రం ఇంగ్లీషువే, వాటిని ఎవరూ మార్చమనలేదు. కోడ్ ఇంగ్లీషులో ఉంది, కోడ్ గురించి మాట్లాడుకోవడం సొంత భాషలో ఉంది. 1999లో మొదటి పుస్తకం జపనీస్‌లో వచ్చింది. 2000 నాటికి జపాన్‌లో పైథాన్ కంటే రూబీకే ఆదరణ ఎక్కువ. డేవ్ థామస్, ఆండీ హంట్ ఇంగ్లీషులో రాసిన పుస్తకం వచ్చింది ఆ ఏడాదే. డేవిడ్ హైన్‌మయర్ హాన్సన్ అనే డెన్మార్క్ ప్రోగ్రామర్ రాసిన వెబ్ ఫ్రేమ్‌వర్క్ రైల్స్ 2004లో బయటికొచ్చి, రూబీని ప్రపంచమంతా మోగించింది ఆ తర్వాత. ఆ సరికే జపాన్‌లో రూబీ లోపలి భాగాలు విప్పి చూడగలిగినవాళ్లు తయారై ఉన్నారు.

ఎలా తయారయ్యారన్నది మనకు ముఖ్యం. లిస్టులో సందేహం అడిగినవాళ్లకు భాషను రాసినాయనే జవాబిచ్చేవాడు. జవాబుతో పని కాకపోతే అడిగినవాళ్లే సరిచేసి ప్యాచ్ పంపేవాళ్లు. పంపిన ప్యాచ్ బాగుంటే చేరేది. కొయిచి ససదా ఇంకా విద్యార్థిగా ఉండగానే, 2004లో, రూబీకి కొత్త వర్చువల్ మెషీన్ రాయడం మొదలుపెట్టాడు. భాషకు గుండెకాయ లాంటి భాగం అది. ‘నీ చదువు పూర్తయ్యాక చూద్దాం’ అని ఎవరూ పక్కన పెట్టలేదు. 2007 డిసెంబర్‌లో వచ్చిన రూబీ 1.9 ఆయన రాసిన వర్చువల్ మెషీన్ మీదే నడిచింది. ఆ విద్యార్థికి ప్రతిభ ఉంది, నిజమే. కానీ ప్రతిభ ఉన్న విద్యార్థులు మన ఇంజనీరింగ్ కాలేజీల్లోనూ ఉన్నారు. వాళ్ల ముందు తలుపు ఎంత తెరిచి ఉందన్నదే తేడా.

సొంత భాషలో మాట్లాడుకునే కూటమి వల్ల ఇంకో లాభం ఉంది, దీన్ని కాస్త దగ్గరగా చూడాలి. ఆ రోజుల్లో జపనీస్ అక్షరాలు కంప్యూటర్‌లో మూడు రకాలుగా ఉండేవి: విండోస్ మెషీన్లలో షిఫ్ట్ జిస్, యూనిక్స్ మెషీన్లలో ఈయూసీ, ఈమెయిళ్లలో మరొకటి. జావా లాంటి భాషలు అన్నిటినీ యూనికోడ్‌లోకి మార్చేసి ఆ పద్ధతిలోనే పనిచేస్తాయి. రూబీ 1.9 అలా చెయ్యలేదు. ప్రతి స్ట్రింగ్ తన ఎన్‌కోడింగ్ ఏదో తన వెంటే ఉంచుకుంటుంది. రోజూ ఆ మూడు రకాలతో కుస్తీ పడేవాళ్లు రాసిన భాష కాబట్టే ఆ ఏర్పాటు వచ్చింది. మన అక్షరాలకూ ఇలాంటి చిక్కులు ఉన్నాయి. లక్ష్మి అన్న పేరు తీసుకోండి. మన లెక్కలో రెండక్షరాలు, ల ఒకటి, క్ష్మి ఒకటి. రూబీలోనో పైథాన్‌లోనో ఆ స్ట్రింగ్ పొడవు అడిగితే 7 అని వస్తుంది, ఎందుకంటే పొల్లులు, గుడి కూడా విడివిడిగా లెక్కకొస్తాయి. కనిపించే అక్షరాలవారీగా విడగొట్టమంటే, పాత యూనికోడ్ నియమాల ప్రకారం ల, క్, ష్, మి అని నాలుగు ముక్కలు వచ్చేవి. 2023లో వచ్చిన యూనికోడ్ 15.1లో సంయుక్తాక్షరాల నియమం చేరాక, దాన్ని పాటించే చోట సరిగ్గా రెండే వస్తాయి. ఇప్పుడు మీరు వాడే లైబ్రరీ ఏ నియమం పాటిస్తోంది? పేరులో మొదటి అక్షరాన్ని తీసి గుండ్రటి బొమ్మలో చూపించే యాప్, క్షమ అనే అమ్మాయికి ఏం చూపిస్తుంది? ఫారంలో పేరుకి 15 అక్షరాల పరిమితి పెడితే వేంకటసుబ్రహ్మణ్యం పేరు ఎక్కడ తెగిపోతుంది? ఈ ప్రశ్నలు టోక్యోలోనో కాలిఫోర్నియాలోనో కూర్చున్నవాళ్లకు తట్టవు. తట్టినా, వచ్చిన జవాబు సరైనదో కాదో వాళ్లు చూసి చెప్పలేరు. ఇలాంటి పది పేర్లు పెట్టి ఒక టెస్టు రాసి, తేడా వస్తే బగ్ రిపోర్టు పెట్టడం రెండో మీటప్‌కి వచ్చిన విద్యార్థి చెయ్యగల పని. ఆ రిపోర్టు నిజంగా అవసరమైనది కూడా.

ఇప్పుడు ఎదురు ఉదాహరణ. లువా భాష పుట్టింది బ్రెజిల్‌లో, రియో డి జనీరోలోని కేథలిక్ విశ్వవిద్యాలయంలో, రూబీ మొదలైన 1993లోనే. వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ లాంటి ఆటల్లో, అడోబీ లైట్‌రూమ్ లోపల అది పనిచేస్తోంది. సాంకేతికంగా చూస్తే చాలా పొందికైన భాష, నాకు ఎంతో గౌరవం. దాని ముఖ్య రచయిత రాసిన పుస్తకం మొదటి కూర్పు 2003లో ఇంగ్లీషులో వచ్చింది. సోర్స్ కోడ్ అందరికీ ఉచితమే, కానీ భాషలో మార్పులు మాత్రం దాన్ని రాసిన ముగ్గురే చేస్తారు, బయటివాళ్ల ప్యాచులు నేరుగా చేర్చుకోరు. ఆ కట్టుబాటు వల్లే లువా అంత చిన్నగా, శుభ్రంగా ఉందన్నది వాస్తవం. దానికి చెల్లించిన వెల కూడా ఉంది. రియో ప్రోగ్రామర్ల పనితీరును దగ్గర నుంచి పరిశీలించి యూరి టఖ్తేయేవ్ 2012లో ప్రచురించిన ‘కోడింగ్ ప్లేసెస్’ పుస్తకంలో, లువాకు ప్రపంచంతో ఉన్నంత సంబంధం సొంత ఊరితో లేకపోవడం కనిపిస్తుంది. రెండు భాషలూ ఒకే ఏడాది మొదలయ్యాయి, రెండూ అమెరికాకు దూరంగా పుట్టాయి, రెండిటినీ రాసింది సమర్థులే. ఒకటి ఇంటి దగ్గర జనాన్ని పోగేసుకుంది. ఇంకొకటి ముందు బయటి ప్రపంచానికి చేరింది. లువా రచయితలను తప్పుపట్టడానికి ఈ పోలిక తేలేదు, వాళ్ల లక్ష్యం వేరు. స్థానికంగా జనం కావాలనుకునేవాళ్లు మాత్రం ఈ రెండిటి మధ్య తేడా ఎక్కడుందో చూడాలి.

ఇక్కడ ఒక అభ్యంతరం వస్తుంది. జపాన్‌లో భాషను రాసిన మనిషే ఉన్నాడు, మన ఊళ్లో పైథాన్‌నో రస్ట్‌నో రాసినవాళ్లు లేరు కదా, మనకెలా కుదురుతుంది అని. బలమైన ప్రశ్నే. మత్సుమోతో నివాసం షిమానె రాష్ట్రంలోని మత్సుఎ ఊళ్లో. జనాభా రెండు లక్షలు, యువత ఉద్యోగాలకు టోక్యో, ఒసాకా వెళ్లిపోయే ప్రాంతం. ఆయన 1997 నుంచి అక్కడి కంపెనీలోనే పనిచేస్తున్నాడు. కానీ మత్సుఎ నగరపాలక సంస్థ రూబీ పేరుతో కార్యక్రమం మొదలుపెట్టింది 2006లో, దాదాపు తొమ్మిదేళ్ల తర్వాత. అప్పుడు వాళ్లు చేసిన మొదటి పనుల్లో ఒకటి, రైల్వే స్టేషన్ ఎదురుగా ఓపెన్ సోర్స్ ల్యాబ్ పేరుతో ఒక గది తెరవడం. ఓపెన్ సోర్స్ పని మీద కూడేవాళ్లు ఆ గదిని ఉచితంగా వాడుకోవచ్చు. స్థానిక రూబీ బృందం నెలనెలా కూడేది అక్కడే. 2009లో రూబీవరల్డ్ సమావేశం మత్సుఎలో మొదలైంది. ఊరి బడుల్లో పిల్లలకు పాఠాలూ వచ్చాయి. గొప్ప మనిషి ఊళ్లో ఉండడం ఒకటి, ఆ ఊరివాళ్లు వచ్చి కూర్చోడానికి చోటుండడం ఇంకొకటి. మొదటిది మన చేతిలో లేదు. రెండోది ఉంది.

పైగా, భాషను రాసినవాళ్లెవరూ లేని చోట కూడా కమ్యూనిటీలు పెరిగాయి. మన దేశంలో పైథాన్ సంగతే చూడండి. పైకాన్ ఇండియా అనే సమావేశం 2009లో బెంగళూరులో మొదలైంది, నడిపింది స్వచ్ఛందంగా ముందుకొచ్చినవాళ్లు. అక్కడే ఉండిపోకుండా, ఒక ఏడాది పుణె వెళ్లింది, 2016లో ఢిల్లీ వెళ్లింది, 2018లో హైదరాబాద్ వచ్చింది, 2019లో చెన్నై. 2023లో మళ్లీ హైదరాబాద్, ఈసారి జేఎన్‌టీయూలో. ఊరు మారిన ప్రతిసారీ కొత్త వాలంటీర్లు హాలు మాట్లాడాలి, భోజనాల సంగతి చూడాలి, వచ్చిన టాక్ ప్రతిపాదనలు చదవాలి. పని తిరుగుతుంటే పని తెలిసిన చేతులు పెరుగుతాయి. జపాన్‌లో 2006లో టోక్యోలో మొదలైన రూబీకైగి సమావేశం కూడా తర్వాత తర్వాత క్యోటో, హిరోషిమా, సెండై, ఫుకుఒకా, ఒకినావాలోని నాహా ఇలా తిరుగుతోంది. ఇంత పెద్ద సమావేశం మీరు పెట్టాలని నేననడం లేదు. మీ కూటమి చిన్నదైనా దానికి ఇదే సూత్రం వర్తిస్తుంది.

ఇక ఆచరణ. అన్నిటికంటే ముందు వారానికో పక్షానికో, ఒక రోజు, ఒక వేళ, ఒక చోటు ఖాయం చెయ్యండి. టోక్యోలో అసకుస పేరుతో ఉన్న రూబీ బృందం మంగళవారం సాయంత్రాలు కూడుతుంది. రావాలనుకునేవాళ్లు ‘ఈ నెల ఎప్పుడు’ అని ఎవరినీ అడగక్కర్లేదు. మన మీటప్‌లలో సగం చచ్చిపోయేది ఇక్కడే: అతిథి దొరికినప్పుడు తేదీ, హాలు దొరికినప్పుడు చోటు. హైదరాబాద్‌లో అయితే దూరం ఇంకో సమస్య. గచ్చిబౌలిలో పెడితే ఘట్‌కేసర్ వైపు హాస్టళ్లలో ఉండే విద్యార్థులు రాలేరు, వాళ్ల కాలేజీలో పెడితే ఉద్యోగులు రారు. మెట్రో స్టేషన్‌కి నడిచి వెళ్లగలిగే దూరంలో చిన్న గది, నగరం చివరన ఉన్న ఏసీ ఆడిటోరియం కంటే మేలు. వేళ కూడా ఆలోచించి పెట్టాలి. రాత్రి తొమ్మిదికి ముగిసే మీటింగ్‌కి అమ్మాయిలు ఎందుకు రావడం లేదని ఆశ్చర్యపోవడం అన్యాయం. ఆదివారం ఉదయం పెట్టి చూడండి, గదిలో మనుషులు మారతారు. విజయవాడ, వరంగల్, విశాఖ లాంటి చోట్ల ఊరు చిన్నది కావడం మీకు లాభమే, అరగంటలో అందరూ చేరుకోగలరు.

రెండోది, నా దృష్టిలో అసలైనది, పని అప్పగించడం. మీటింగ్ చివర్లో నిలబడి ‘ఎవరైనా వాలంటీర్లు ముందుకు రండి’ అంటే ఎవరూ రారు. అది వాళ్ల తప్పు కాదు. తమకు అంత వచ్చా అన్న అనుమానం కొత్తవాళ్లందరికీ ఉంటుంది, నలుగురి ముందు చెయ్యెత్తడం దాన్ని బయటపెట్టుకోవడమే. అందుకని పేరు పెట్టి, విడిగా, ఫలానా పని అని అడగాలి. ‘శిరీషా, ఈ రోజు జెనరేటర్ల గురించి మాట్లాడుకున్నది ఒక పేజీ తెలుగులో రాసి ఆదివారంలోగా పంపుతారా? నేను చదివి సరిచేస్తాను.’ ఈ అడగడంలో నాలుగు సంగతులున్నాయి. పని చిన్నది. దానికి గడువుంది. తప్పు చేసినా పట్టుకునేవాళ్లు ఉన్నారు. ఎవరో ఒకరు కాదు, తననే అడిగారు. రెండోసారి వచ్చినవాళ్లందరికీ ఇలాంటిది ఏదో ఒకటి ఇవ్వండి. ఇన్‌స్టాలేషన్ సూచనలు పాత విండోస్ ల్యాప్‌టాప్ మీద పనిచేస్తున్నాయో లేదో చూడడం, వచ్చే పక్షం కొత్తగా వచ్చేవాళ్ల పక్కన కూర్చోవడం, ఐదు నిమిషాలు తను నేర్చుకున్న ఒక్క విషయం చెప్పడం. 2014లో బెర్లిన్‌లో మొదలైన జాంగో గర్ల్స్ వర్క్‌షాపుల్లో ముగ్గురు నేర్చుకునేవాళ్లకు ఒక కోచ్ ఉండాలన్నది పద్ధతి. వాళ్ల పాఠం ఎవరైనా తీసుకుని వాడుకునే లైసెన్సుతో ఉంది, స్వచ్ఛంద కార్యకర్తలు దాన్ని ఎన్నో భాషల్లోకి మార్చారు. ముగ్గురికొకరు అంటే, ముప్ఫై మంది వస్తే పదిమంది చెప్పేవాళ్లు కావాలి. ఆ పదిమంది నిపుణులే కానక్కర్లేదు. నిన్న నేర్చుకున్నవాళ్లకు ఎక్కడ తడబడతామో ఇంకా గుర్తుంటుంది కాబట్టి, మొదటి పాఠానికి పదేళ్ల అనుభవజ్ఞుల కంటే వాళ్లే నయం.

దీనికి అనుభవజ్ఞులు చెప్పే అభ్యంతరం నాకు తెలుసు. పని రానివాళ్ల చేతికి ఇస్తే నాణ్యత పడిపోతుంది, తప్పులు నేర్పుతారు, పదిమంది అదే తప్పు పట్టుకుంటారు అని. ఆ భయంలో నిజం లేకపోలేదు. కానీ పని అప్పగించడం వేరు, ఆఖరి మాట అప్పగించడం వేరు. రూబీలో ఏ మార్పు భాషలోకి రావాలన్న నిర్ణయం ఇప్పటికీ మత్సుమోతోదే. ప్యాచ్ ఎవరైనా పంపవచ్చు, చేర్చేముందు చదివేవాళ్లు ఉంటారు. మీ కూటమిలో కూడా కొత్తవాళ్లు రాసిన పేజీని ఒకరు చదవాలి, కొత్తవాళ్లు చెప్పే ఐదు నిమిషాల టాక్‌ని ముందురోజు ఒకరు వినాలి. అందుకు మీకు పట్టే సమయం మీరే ఆ పేజీ రాసేస్తే పట్టే దానికంటే ఎక్కువే. ఇక్కడే చాలామంది నిర్వాహకులు జారిపోతారు. అడిగి, సరిచేసి, మళ్లీ అడిగే బదులు తామే చేసేస్తారు, ఏడాది తిరిగేసరికి అలసిపోయి ‘ఎవరికీ పట్టదు’ అంటారు. అందరి పనీ తామే చేసేసి, ఎవరికీ పట్టే అవకాశం లేకుండా చేసింది ఎవరు? సరిచేసేటప్పుడు మాట తీరు కూడా చూసుకోవాలి. మత్సుమోతో మంచిగా ఉంటాడు కాబట్టి మనమూ మంచిగా ఉందాం అని రూబీవాళ్లలో ఒక మాట ప్రచారంలో ఉంది. ఎంత మర్యాద కలిగిన కూటమిలోనైనా దురుసు మాటలు వినబడవని నేననను. కానీ మొదటి తప్పుకు నవ్విన చోటికి రెండోసారి ఎవరూ రారు.

తెలుగులో మాట్లాడాలంటే వచ్చే అభ్యంతరం వేరు. ఉద్యోగం ఇంగ్లీషులో, ఇంటర్వ్యూ ఇంగ్లీషులో, డాక్యుమెంటేషన్ ఇంగ్లీషులో, ఇక తెలుగులో ఎందుకు అంటారు. పిల్లలు ఇంగ్లీషు నేర్చుకునే ఒక్క అవకాశాన్ని మీరు చెడగొడుతున్నారన్నవాళ్లూ ఉన్నారు. జపాన్ ఉదాహరణ మళ్లీ చూడండి. అక్కడ కోడ్ ఇంగ్లీషులోనే ఉంది, తర్వాత ప్రపంచంతో మాటలూ ఇంగ్లీషులోనే. సొంత భాష వాడింది సందేహం అడిగే ఘడియలో. సగం అర్థమై సగం అర్థం కాని స్థితిలో ఉన్న మనిషి, ఏది అర్థం కాలేదో చెప్పగలిగేది తనకు బాగా వచ్చిన భాషలోనే. ప్రభుత్వ పాఠశాలలో చదివి ఇంజనీరింగ్‌లో చేరిన విద్యార్థి ఇంగ్లీషు గదిలో నోరు విప్పదు. ఆమెకు ప్రోగ్రామింగ్ రాదని మనం అనుకుంటాం. అదే ప్రశ్న తెలుగులో అడగనిస్తే, ఆరు నెలలకు ఆమే ఇంగ్లీషులో బగ్ రిపోర్టు రాస్తుంది, ఎందుకంటే అప్పటికి చెప్పడానికి ఏదో ఉంటుంది. ఇక హైదరాబాద్ గదిలో ఒడిశా నుంచి, బీహార్ నుంచి వచ్చినవాళ్లు కూడా ఉంటారు, వాళ్లను బయట నిలబెట్టడం తప్పు. అడిగేవాళ్లు తమకు వచ్చిన భాషలో అడగవచ్చు, పక్కనున్నవాళ్లు మిగతావాళ్లకు చెప్పాలి, బోర్డు మీద ఇంగ్లీషు. ఈ పద్ధతి కాస్త నెమ్మదిగా సాగుతుంది, సాగనివ్వండి.

ఈ మధ్య ఎక్కువగా వినబడే అభ్యంతరం: సందేహాలకు చాట్‌బాట్ ఉంది, అర్ధరాత్రి కూడా జవాబిస్తుంది, తెలుగులో కూడా ఇస్తుంది, ఇక మనుషులు కూడడం దేనికి? జవాబుల కరువు తీరిన మాట నిజం. సందేహ నివృత్తి కోసం మాత్రమే నడిచే మీటప్‌లు ఇక ముందు నిలబడవు, అందులో బాధపడాల్సిందీ లేదు. కానీ చాట్‌బాట్ మీరు అడిగినదానికి చెబుతుంది. మీరు మూడు నెలలుగా అడగాల్సింది అడగకుండా తిరుగుతున్నారని గమనించేది పక్కన కూర్చుని మీ పని చూసిన మనిషి. ‘ఈ పని మీరు చెయ్యండి, మీ మీద నాకు నమ్మకం ఉంది’ అని బాధ్యత ఇచ్చి, చెయ్యకపోతే ఫోన్ చేసేదీ మనిషే. రేపు ఒక కంపెనీలో ఖాళీ ఉన్నప్పుడు మీ పేరు చెప్పేది మీ కోడ్ చదివిన మనిషి. కమ్యూనిటీ అసలు విలువ ముందునుంచీ ఇక్కడే ఉంది. జవాబులు దొరకని కాలంలో జవాబుల చాటున అది కనిపించలేదు, అంతే.

కాలేజీల గురించి ప్రత్యేకంగా చెప్పాలి, మన దగ్గర జనం ఉన్నది అక్కడే కాబట్టి. సర్టిఫికెట్ ఇస్తామంటే మూడు వందల మంది వస్తారు, మరుసటి వారం ముగ్గురు వస్తారు. ఆ ముగ్గురి కోసమే సర్టిఫికెట్ లేకుండా మొదలుపెట్టడం మేలు. ఇంకో చిక్కు, ఫైనలియర్ వాళ్లు నడిపే క్లబ్ వాళ్లతోనే వెళ్లిపోతుంది. రెండో సంవత్సరంలో ఉన్నవాళ్లకు తాళం చెవి ఇచ్చి, ఫైనలియర్ వాళ్లు వెనక నిలబడితే ఆ గండం దాటుతుంది. ఊళ్లో ఉద్యోగం చేసే పాత విద్యార్థులు ఇద్దరు నెలకోసారి వచ్చినా చాలు, కాలేజీకి బయటి పనితో దారం తెగకుండా ఉంటుంది.

చివరగా, భాషే పాతబడిపోతే ఇంత శ్రమా వృథా కదా అన్న ప్రశ్న. పదేళ్ల కిందట వెలిగినవి కొన్ని ఇవాళ ఉద్యోగ ప్రకటనల్లో లేవు, ఈ అనుమానం సహజమే. పెర్ల్ చూడండి. ఒకప్పుడు ఇంటర్నెట్ వెనక చాలా భాగం దానిమీదే నడిచేది, తర్వాత కొత్తగా నేర్చుకునేవాళ్లు బాగా తగ్గిపోయారు. జపాన్‌లో పెర్ల్‌వాళ్లు 2006 నుంచి టోక్యోలో పెట్టిన యాప్సీ ఏషియా సమావేశానికి 2015లో రెండు వేల పైచిలుకు మంది వచ్చారు. ఆ ఏడాదితోనే నిర్వాహకులు దాన్ని ముగించారు. అయినా కథ ఆగలేదు. వేరేవాళ్లు యాప్సీ పేరుతోనే సప్పోరోలో, ఒసాకాలో, ఫుకుఒకాలో, హిరోషిమాలో సమావేశాలు పెడుతూ వచ్చారు, అక్కడ ఇప్పుడు పెర్ల్ కానివాటి మీద కూడా ప్రసంగాలుంటాయి. భాష వెనకబడినా, సమావేశం నడపడం, ఒకరి కోడ్ ఒకరు చదవడం, కొత్తవాళ్లను కూర్చోబెట్టడం తెలిసినవాళ్లు మిగిలారు. అలా మిగలాలంటే నడిపే పని ఒకరి తలలోనే ఉండకూడదు. గది అనుమతి ఎవరిని అడగాలి, ప్రొజెక్టర్‌కి ఏ కేబుల్ పడుతుంది, గ్రూప్ అడ్మిన్‌లు ఎవరు, ఈమెయిల్ పాస్‌వర్డ్ ఎవరి దగ్గర ఉంది, టీలకు డబ్బు ఎక్కడినుంచి వస్తోంది, ఇవన్నీ ఒకచోట రాసి కనీసం ఇద్దరి దగ్గర ఉంచండి. మొదటి ఆరు నెలల్లోపే, ముందుగా చెప్పి, ఒక వారం మీరు వెళ్లకండి, మీటింగ్ వాళ్లనే నడపనివ్వండి. ఆ రోజు ఎక్కడ తడబడ్డారో మరుసటి వారం అడిగి తెలుసుకుని, ఆ కాగితంలో రాయకుండా వదిలేసినవి చేర్చండి.